మోకాలి లిగమెంట్లు తెగినప్పుడు: తొందర ఎక్కడ, నిదానం ఎక్కడ?

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంట్లోకి ఒకసారి తొంగి చూడండి. బోర్లించిన కుండ కింద మంట, పక్కన పలుచగా జారే బియ్యప్పిండి, ఎదురుగా మోకాళ్లు ముడుచుకొని కూర్చున్న ఇల్లాలు. గుడ్డను పిండిలో ముంచి కుండ వీపు మీద ఒక్క విసురున పరుస్తుంది. కాగితం కన్నా పలుచని రేకు తేలుతుంది. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ చేతుల నేర్పును అందరమూ మెచ్చుకుంటాము. ఆ చేతులు గంటల తరబడి పనిచేయాలంటే అంతసేపూ కిందనే కూర్చోగల మోకాళ్లు కావాలన్న సంగతిని మాత్రం అంతగా తలచుకోము.

మోకాలు అటువంటి అవయవమే. సవ్యంగా ఉన్నంత కాలం అది మనకు గుర్తుకు రాదు. కొబ్బరిచెట్టు ఎక్కేవారికి, పొలంలో నాటు వేసేవారికి, పడవ మీది నుంచి రేవులోకి దిగేవారికి అదే ఆధారం. ఇక నమాజు పాటించే ఇంట్లో దాని పని చెప్పనక్కర లేదు. ఫర్జ్ నమాజులను మాత్రమే లెక్కించినా రోజుకు 17 రకాతులు, 34 సజ్దాలు.

ఇటువంటి మోకాలు ఒక్క క్షణంలో దెబ్బతినవచ్చు. కాలువ గట్టు మీది ఇరుకు దారిలో మోటారు సైకిలు జారి, కాలు బండి కింద మెలిపడుతుంది. మోకాలు కుండలా వాస్తుంది. అరగంటలో ఇల్లంతా బంధువులతో నిండిపోతుంది. "మంచి కట్టు కట్టించండి, పది రోజుల్లో లేచి నడుస్తాడు" అని ఒక పెద్దాయన అంటారు. "ఆలస్యం చేయకుండా రేపే ఆపరేషన్ చేయించండి" అని ఇంకొకరు. "మా మేనల్లుడికీ లిగమెంటే తెగింది. ఆపరేషన్ లేకుండానే నయమైంది, తొందరపడకండి" అని మరొకరు. ముగ్గురూ ప్రేమతోనే చెబుతారు. ముగ్గురూ తాము చూసిన మోకాలిని బట్టి చెబుతారు. ఇప్పుడు మంచం మీద ఉన్న మోకాలు వాటిలో ఏదీ కాకపోవచ్చు.

ఒకటికి మించి లిగమెంట్లు తెగిన మోకాలి విషయంలో "ఆపరేషన్ చేయించాలా, వద్దా?" అన్నది మొదటి ప్రశ్న కానే కాదు. అడగవలసిన ప్రశ్నలు మూడు ఉన్నాయి. మొదటిదానికి గంటల్లో జవాబు దొరకాలి. రెండవదానికి వారాల వ్యవధి ఉంటుంది. మూడవదానికి జవాబు వైద్యుని దగ్గర ఉండదు, మన దగ్గరే ఉంటుంది. ఈ వరుస తప్పినప్పుడే నష్టం జరుగుతుంది: తొందరపడవలసిన చోట నిదానిస్తాము, నిదానించవలసిన చోట తొందరపడతాము.

నాలుగు కట్లు

తుంటి కీలులో తొడ ఎముక తల ఒక లోతైన గిన్నెలో అమరి ఉంటుంది. మోకాలికి అటువంటి గిన్నె లేదు. తొడ ఎముక కింది కొస, కాలి ఎముక పై కొస ఒకదానిపై ఒకటి ఆని ఉంటాయి, అంతే. వాటిని నిలబెట్టేవి కండరాలు, లిగమెంట్లనే బలమైన కట్లు. ప్రధానమైన కట్లు నాలుగు. కీలు మధ్యలో ఒకదానినొకటి దాటుతూ రెండు ఉంటాయి. కాలి ఎముక ముందుకు జారకుండా ఆపేది ఏసీఎల్, వెనక్కు జారకుండా ఆపేది పీసీఎల్. లోపలి పక్కన ఎంసీఎల్, బయటి పక్కన ఎల్‌సీఎల్ ఉంటాయి. బయటి పక్క వెనుక మూలలో మరికొన్ని చిన్న కట్లు, ఒక కండర తంతువు కలిసి కాలు మెలిపడకుండా కాపాడతాయి. రెండు ఎముకల నడుమ మెత్తని పళ్లేల వంటి మెనిస్కస్‌లు రెండు ఉంటాయి.

వీటిలో ఒక్కటే తెగడం ఒక రకమైన గాయం. రెండు, మూడు కలిసి తెగడం పూర్తిగా వేరే గాయం. రెండవ సందర్భంలో మోకాలు ఒక్క క్షణమైనా కీలు తప్పి ఉండవచ్చు. తప్పిన కీలు చాలాసార్లు దానంతటదే తిరిగి చోటుకు చేరుతుంది. అందువల్ల ఆసుపత్రికి చేరేసరికి ఎక్స్‌రేలో ఎముకలు చక్కగా కనిపిస్తాయి. "ఎముక విరగలేదు, భయం లేదు" అని ఇంటికి తిరిగి వస్తారు. ఈ గాయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట అదే.

మొదటి ప్రశ్న: పాదానికి రక్తం అందుతోందా?

మోకాలి వెనుక గుంటలో కాలికి రక్తాన్ని అందించే పెద్ద ధమని ఉంది. అది కీలుకు పైనా, కిందా కట్టివేసినట్టు బిగిసి ఉంటుంది. కీలు తప్పినప్పుడు పక్కకు తప్పుకొనే వీలు లేక అది సాగుతుంది, చిరుగుతుంది, కొన్నిసార్లు లోపలి పొర మాత్రమే చిట్లుతుంది. కీలు తప్పిన మోకాళ్లపై జరిగిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, దాదాపు ప్రతి ఐదారుగురిలో ఒకరికి రక్తనాళం దెబ్బతిన్నట్టు, నలుగురిలో ఒకరికి నరం దెబ్బతిన్నట్టు తేలింది.

రక్తం అందని కాలు 6 నుంచి 8 గంటలు దాటితే కండరాలు చచ్చిపోవడం మొదలవుతుంది. ఆ తరువాత ధమనిని అతికినా కాలు దక్కుతుందన్న భరోసా ఉండదు. లిగమెంటు నేడు కాకపోతే వచ్చే నెలలో వేయించుకోవచ్చు. కాలును వచ్చే నెలలో తెచ్చుకోలేము.

కాబట్టి మోకాలు పెద్దగా వాచి, అన్ని వైపులా వదులుగా ఊగుతున్నదంటే ఇంట్లో చూడవలసిన గుర్తులు ఇవి. దెబ్బ తగిలిన పాదం రెండవ పాదం కన్నా చల్లగా ఉందా? పాలిపోయిందా? వేళ్లకు స్పర్శ తెలుస్తోందా? పాదాన్ని, బొటనవేలిని పైకి ఎత్తగలుగుతున్నారా? పిక్క రాయిలా గట్టిపడి, మందులకు లొంగని నొప్పి ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారేదాకా ఆగకూడదు. ఏ గుర్తూ లేకపోయినా ఆసుపత్రికి వెళ్లవలసిందే. ధమని లోపలి పొర చిట్లినప్పుడు మొదట నాడి అందుతూనే ఉండి, కొన్ని గంటల తరువాత రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు. అందుకే వైద్యులు పాదపు నాడిని ఒక్కసారి చూసి వదిలిపెట్టరు. ఒకటి రెండు రోజుల పాటు మళ్లీ మళ్లీ చూస్తారు. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి చూస్తారు. ఆ నిష్పత్తి 0.9 కన్నా తగ్గితే సీటీ యాంజియోగ్రామ్ వంటి పరీక్ష చేయిస్తారు.

ఇది వేగంగా వెళ్లే కుర్రవాళ్లకు మాత్రమే వచ్చే గాయం అనుకోరాదు. బరువు ఎక్కువగా ఉన్నవారు పాచి పట్టిన రేవు మెట్టు మీదనో, తడి గచ్చు మీదనో జారి కూలబడినా మోకాలి కీలు తప్పవచ్చు. అటువంటి వారిలోనూ ధమని దెబ్బతినే ప్రమాదం తక్కువేమీ కాదు. "ఇంట్లోనే కదా పడింది" అని అమ్మ నొప్పిని తేలికగా తీసుకోకండి.

ఈ దశలో చేయకూడనివి మూడు: కాలిని లాగకూడదు, నూనె పెట్టి మర్దన చేయకూడదు, బిగించి కట్టు కట్టకూడదు. ఉన్న కాలిని ఉన్నట్టే దిండ్లు, బద్దల మధ్య కదలకుండా ఉంచి 108కు ఫోను చేయాలి. ఆత్రేయపురం నుంచి బొబ్బర్లంక, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా రాజమండ్రి గంట లోపు ప్రయాణం. బయలుదేరే ముందే "రక్తనాళాల సర్జన్ అందుబాటులో ఉన్న ఆసుపత్రి ఏది?" అని అడిగి తెలుసుకుంటే మరో గంట కలిసివస్తుంది.

కట్టు వైద్యం మన నేలలో వేళ్లూనుకున్నదే. ఎముక చిట్లితే కట్టు కట్టించుకొని బాగుపడినవారు ప్రతి ఊరిలో కనిపిస్తారు. అయితే ఎవరి చేతి కట్టయినా, ఎంత మంచిదైనా, దాని కింద మూసుకుపోయిన ధమనిని తెరవలేదు. పైగా పాదం రంగు మారడాన్ని దాచిపెడుతుంది, వాచే కాలిని బిగిస్తుంది. వైద్యం తెలియకుండానే వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన హానికి బాధ్యుడవుతాడని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించినట్టు హదీసు గ్రంథాల్లో ఉంది. ఆ హెచ్చరిక వైద్యం చేసేవారికే కాదు, ఎవరి దగ్గరకు తీసుకువెళ్లాలో నిర్ణయించే ఇంటి పెద్దలకు కూడా ఆలోచన కలిగించాలి.

రెండవ ప్రశ్న: ఏవి తెగాయి? వాటిలో ఏవి వేచి ఉండగలవు?

రక్త ప్రసరణ బాగుందని నిర్ధారణ అయిన తరువాత ఊపిరి పీల్చుకోవచ్చు. ఇక గంటల లెక్క ముగిసి వారాల లెక్క మొదలవుతుంది. ఇక్కడ తొందరపాటు కన్నా సరైన నిర్ధారణ ముఖ్యం.

ముందు ఎక్స్‌రేను జాగ్రత్తగా చదివించాలి. కొన్నిసార్లు లిగమెంటు తెగదు. అది అతుక్కొని ఉన్న ఎముక ముక్కనే పెకలించుకొని వస్తుంది. ద్విచక్ర వాహన ప్రమాదాలు ఎక్కువైన మన దేశంలో పీసీఎల్ ఈ విధంగా ఎముకతో సహా ఊడిరావడం తరచుగా కనిపిస్తుంది. పక్కకు జరిగిన ఆ ముక్కను మొదటి రెండు మూడు వారాల్లో స్క్రూతో తిరిగి బిగిస్తే సొంత లిగమెంటే మిగులుతుంది, ఫలితమూ బాగుంటుంది. గమనించక నెలలు గడిపితే ఆ అవకాశం చేజారుతుంది. తెగిన లిగమెంట్లను, మెనిస్కస్‌లను ఎంఆర్ఐ చూపిస్తుంది. మోకాలు ఎటువైపు ఎంత వదులైందో చేతితో పరీక్షించే అనుభవజ్ఞుడైన సర్జన్ చెప్పాలి.

లిగమెంట్లన్నీ ఒకే తీరుగా మానవు. లోపలి పక్కనున్న ఎంసీఎల్‌కు రక్త ప్రసరణ బాగా ఉంటుంది కాబట్టి చాలామందిలో బ్రేసుతోనే అతుక్కుంటుంది. పీసీఎల్ ఒక్కటే కొంతవరకు తెగితే శస్త్రచికిత్స లేకుండా నడిచిపోయేవారు అనేకులు. ఏసీఎల్ పూర్తిగా తెగితే సాధారణంగా మునుపటి బిగువుతో అతుక్కోదు. బయటి పక్క వెనుక మూల పూర్తిగా తెగితే దానంతటదే మానడం అరుదు. దానిని పట్టించుకోకుండా ఏసీఎల్ ఒక్కటే కొత్తగా వేయించుకుంటే, ఆ కొత్త లిగమెంటు మీద మోయలేని భారం పడి అది కూడా తెగిపోవచ్చు.

ఇప్పుడు మేనల్లుడి మాట పరిశీలిద్దాం. ఏసీఎల్ ఒక్కటే తెగిన 121 మంది చురుకైన యువతీ యువకులపై స్వీడన్‌లో ఒక పరిశోధన జరిగింది. సగం మందికి త్వరగా శస్త్రచికిత్స చేసి వ్యాయామ చికిత్స ఇచ్చారు. మిగిలినవారికి వ్యాయామ చికిత్స మొదలుపెట్టి, అవసరమైతేనే శస్త్రచికిత్స చేద్దామన్నారు. రెండేళ్ల ఫలితాలు 2010లో వెలువడ్డాయి. రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. వేచి చూసిన 59 మందిలో ఐదేళ్లు గడిచేసరికి 30 మంది శస్త్రచికిత్స చేయించుకున్నారు, మిగిలినవారు అది లేకుండానే గడిపారు. అంటే మేనల్లుడి కథ అబద్ధం కాదు. అయితే 2022లో వెలువడిన బ్రిటన్ పరిశోధన 316 మందిని పరిశీలించి మరొక వైపు చూపింది. దెబ్బ తగిలి చాలాకాలమైనా మోకాలు నిలవక జారిపోతున్నవారికి వ్యాయామం కన్నా శస్త్రచికిత్సే ఎక్కువ మేలు చేసింది.

ఈ రెండూ ప్రధానంగా ఏసీఎల్ గాయానికి సంబంధించినవి. మూడు లిగమెంట్లు తెగిన మోకాలికి వాటి తీర్పు వర్తించదు. అటువంటి గాయాలు అరుదు కాబట్టి వాటిపై ఇంత పెద్ద పరిశోధనలు లేవు. చిన్న చిన్న సమూహాల అనుభవం నుంచి తేలిన సారం ఇది: వయసులో ఉండి శ్రమించి బతకవలసినవారికి మొత్తం మీద శస్త్రచికిత్సే మెరుగు. వృద్ధులకు, ఇంట్లో నడిస్తే చాలుననుకునేవారికి, ప్రాణాపాయ గాయాలు వేరే ఉన్నవారికి బ్రేసుతో నెట్టుకురావడం కూడా సరైన నిర్ణయమే కావచ్చు.

ఎప్పుడు చేయించాలన్న విషయంలో నిపుణుల మధ్య కూడా భేదాభిప్రాయాలు ఉన్నాయి. మూడు వారాల లోపు చేస్తే పక్క లిగమెంట్ల తెగిన కొసలు విడివిడిగా గుర్తుపట్టేట్టు ఉంటాయి, వాటిని కుట్టవచ్చు. కాని వాచిన మోకాలిపై కోత పెడితే కీలు బిగుసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. ఆగితే వాపు తగ్గి మోకాలు వంగడం మొదలవుతుంది. అయితే కొసలు మచ్చకట్టి కలిసిపోతాయి, కుట్టడానికి వీలుండదు, వేరే తంతువుతో కొత్తగా నిర్మించాలి. కొందరు సర్జన్లు రెండు దఫాలుగా చేస్తారు: ముందు పక్క లిగమెంట్లు, కొంతకాలం తరువాత మధ్యవి. చర్మం చిట్లినా, ధమనిని అతికి ఉన్నా, తలకు దెబ్బ తగిలినా, మధుమేహం అదుపులో లేకపోయినా ఆగడమే మంచిది. "ఎందుకు వెంటనే?" లేదా "ఎందుకు ఆగాలి?" అన్నదానికి మీ సర్జన్ ఈ కారణాల్లో ఏదో ఒకటి స్పష్టంగా చెప్పగలగాలి.

ఇద్దరు ఆటగాళ్లు చెప్పే పాఠం

క్రికెటర్ రిషభ్ పంత్ కారు 2022 డిసెంబరు 30న రూర్కీ సమీపంలో ప్రమాదానికి గురైంది. కుడి మోకాలి కీలు తప్పి, లిగమెంట్లు తెగిపోయాయి. తిరిగిపోయిన కాలిని అక్కడున్న ఒకరి సాయంతో మళ్లీ చోటికి తెచ్చుకున్నట్టు ఆయనే తరువాత చెప్పాడు. అది మనం అనుసరించవలసిన పద్ధతి కాదు. అదృష్టవశాత్తు ధమని తెగలేదు. 2023 జనవరి 6న ముంబయిలో శస్త్రచికిత్స జరిగింది. ప్రమాదానికీ శస్త్రచికిత్సకూ మధ్య వారం రోజులు ఉన్నాయి. ఆయన మళ్లీ పోటీ మైదానంలో అడుగుపెట్టింది 2024 మార్చి 23న. ఆ నెల 31న మన విశాఖపట్నంలోనే తిరిగి వచ్చాక తొలి అర్ధశతకం కొట్టాడు. దేశంలోని ఉత్తమ వైద్యులు, ఫిజియోథెరపిస్టులు రోజంతా వెంట ఉన్న యువ క్రీడాకారునికి పద్నాలుగు నెలలకు పైగా పట్టింది. "మూడు నెలల్లో మామూలైపోతాడు" అని ఎవరైనా చెబితే ఈ లెక్కను గుర్తుచేసుకోండి.

అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 1994లో పుణెలో జరిగిన జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతూ భాగస్వామిని ఢీకొని మోకాలి ఏసీఎల్ తెగగొట్టుకున్నాడు. ఒక్క శస్త్రచికిత్సతో పని ముగియలేదు. ఏళ్ల తరబడి మోకాలితో పోరాడాడు. ఆయన ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచింది 2001 మార్చిలో, దెబ్బ తగిలిన ఏడేళ్లకు. ఆపరేషన్ బల్ల మీద జరిగేది చికిత్సలో ఒక భాగం. మిగిలినదంతా ఆ తరువాతి నెలల్లో, ఇంట్లో, నొప్పిని ఓర్చుకుంటూ చేసే వ్యాయామంలో ఉంటుంది.

మూడవ ప్రశ్న: ఈ మోకాలు ఏ జీవితానికి తిరిగి వెళ్లాలి?

ఎంఆర్ఐ చూసి సర్జన్ ఏ లిగమెంటు తెగిందో చెప్పగలడు. ఆ మనిషి రోజుకు ఎన్నిసార్లు నేల మీద కూర్చుంటాడో, ఏ పని చేసి ఇల్లు నడుపుతాడో ఎంఆర్ఐలో కనిపించదు. అది మనమే చెప్పాలి. చెప్పకపోతే, కుర్చీలో కూర్చొని నడిచే మనిషికి తగినట్టుగా ఆ మోకాలికి చికిత్స జరిగిపోతుంది.

మెట్లు ఎక్కడానికి, కుర్చీలోంచి లేవడానికి మోకాలు 110 డిగ్రీల వరకు వంగితే దాదాపు సరిపోతుంది. నేల మీద ముడిచి కూర్చోవడానికి, నమాజులో రెండు సజ్దాల మధ్య కూర్చోవడానికి 140 డిగ్రీలు దాటాలి. పలు లిగమెంట్లు వేసిన మోకాలు ఆ చివరి వంపును కొంత కోల్పోవడం సాధారణం. మోకాలు బిగువుగా ఉండడం, పూర్తిగా వంగడం అనే రెండు కోరికలూ ఒక్కోసారి ఒకదానికొకటి అడ్డు వస్తాయి. మీకు ఏది ఎక్కువ అవసరమో ముందే చెప్పాలి. కొబ్బరిచెట్టు ఎక్కే మనిషికి జారని మోకాలు ప్రాణంతో సమానం. పూతరేకులు తీసే ఇల్లాలికి వంగని మోకాలు జీవనోపాధినే దూరం చేయవచ్చు, లేదా ఎత్తైన పీట, ఎత్తు పెంచిన పొయ్యి అవసరమవుతాయి.

కొత్త లిగమెంటుకు వాడే తంతువు విషయంలోనూ ఇదే మాట. సాధారణంగా రోగి శరీరం నుంచే దానిని తీస్తారు. మోకాటి చిప్ప కింది తంతువును తీస్తే అది బలంగా అతుక్కుంటుంది. అయితే ఆ తరువాత మోకాళ్లపై ఆనినప్పుడు చిప్ప ముందు భాగంలో నొప్పి ఎక్కువమందికి మిగులుతుంది. రోజుకు 34 సజ్దాలు చేసేవారికి ఇది చిన్న విషయం కాదు. తొడ వెనుక కండర తంతువును తీస్తే ఆ నొప్పి తక్కువ. కాని కాలిని బాగా మడిచేటప్పుడు బలం కొంత తగ్గవచ్చు. తొడ ముందు కండర తంతువు, చీలమండ పక్క తంతువు కూడా వాడుకలో ఉన్నాయి. మూడు లిగమెంట్లు వేయాలంటే ఒకటికి మించి తంతువులు కావాలి, కొన్నిసార్లు రెండవ కాలి నుంచి కూడా తీయవలసి వస్తుంది. అందువల్ల అన్ని సందర్భాల్లో మన ఇష్టం చెల్లకపోవచ్చు. అయినా "డాక్టరుగారూ, నేను రోజుకు ఐదు పూటలా మోకాళ్లపై ఆనుతాను" అన్న ఒక్క వాక్యం ఆయన ఎంపికను మార్చగలదు.

గోదావరి జిల్లాల ఇళ్లలో మరొక ఇబ్బంది ఉంది. కువైట్ నుంచో, దుబాయ్ నుంచో నలభై రోజుల సెలవు మీద వచ్చిన అబ్బాయికి దెబ్బ తగులుతుంది. "ఆపరేషన్ చేయించుకొని సెలవు అయ్యేలోగా వెళ్లిపోతాను" అంటాడు. పలు లిగమెంట్లు వేసిన కాలిపై తొలి ఆరు వారాల దాకా పూర్తి బరువు వేయనివ్వరు. బరువు పనులకు తిరిగి వెళ్లడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. ఆపరేషన్ అయిన కొత్తలో సుదీర్ఘ విమాన ప్రయాణం వల్ల కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. వ్యాయామ చికిత్సకు సమయం ఇవ్వలేని శస్త్రచికిత్స బిగుసుకుపోయిన మోకాలినే మిగల్చవచ్చు. యజమానితో మాట్లాడి సెలవు పొడిగించుకోవడమా, అందుకు వీలు కాకపోతే సర్జన్ అనుమతితో బ్రేసు వేసుకొని వెళ్లి రెండవ దఫా శస్త్రచికిత్సను తగిన సెలవులో చేయించుకోవడమా అన్నది ముందే తేల్చుకోవాలి. అప్పుల లెక్క, వీసా గడువు డాక్టరుకు చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కర లేదు. అవి కూడా ఈ నిర్ణయంలో భాగాలే.

కోలుకునే రోజుల్లో నమాజు

శస్త్రచికిత్సకు వెనుకాడే పెద్దలు కొందరు "మళ్లీ సజ్దా చేయలేనేమో" అని దిగులుపడతారు. మరికొందరు ఆపరేషన్ అయిన మూడవ వారమే నేలపై కూర్చోవడానికి ప్రయత్నిస్తారు. పీసీఎల్ వేసిన మోకాలిని నెలల తరబడి బరువుతో బాగా మడవకూడదని వైద్యులు చెబుతారు. భక్తితో చేసినా ఆ తొందర కొత్త లిగమెంటును సాగదీస్తుంది.

హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) తమ అనారోగ్యం గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (స) నిలబడి నమాజు చేయమన్నారు, అది వీలుకాకపోతే కూర్చొని, అదీ వీలుకాకపోతే పక్కకు ఒరిగి చేయమన్నారు. బుఖారీ గ్రంథంలో ఉన్న ఈ హదీసు మోకాలి రోగికి గొప్ప ఊరట. కుర్చీపై కూర్చొని, రుకూకు కొంత వంగి, సజ్దాకు అంతకన్నా ఎక్కువ వంగి సైగతో నమాజు చేయవచ్చు. నిలబడగలిగినంత సేపు నిలబడడం, కాలు చాపుకొని కూర్చోవడం వంటి వివరాలను మీ మస్జిద్ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. మోకాలు వుజూలో కడిగే అవయవం కాదు. అయితే బ్రేసు లేదా కట్టు పాదం దాకా ఉంటే తడి చేతితో దానిపై మసహ్ చేసే వెసులుబాటు ఉంది. రమజాన్‌లో మందుల వేళలు తప్పనిసరి అయితే ఆ రోజాలను ఆరోగ్యం కుదుటపడ్డాక పూర్తి చేసుకోవచ్చు. ధర్మం ఇచ్చిన ఈ సౌలభ్యాన్ని వాడుకోవడం విశ్వాసంలో లోపం కాదు. చివరి వంపు ఎప్పటికీ తిరిగి రాకపోయినా ఆ కుర్చీ మీది నమాజు నమాజే.

వైద్యం చేయించుకోవాలా అని పల్లెవాసులు అడిగినప్పుడు, వార్ధక్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ చికిత్సను ఏర్పరిచాడు కనుక చేయించుకోండని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. చికిత్స వెదకడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. రోగి స్త్రీ అయితే మహిళా ఫిజియోథెరపిస్టు కావాలని, పరీక్ష సమయంలో ఇంటివారు ఒకరు పక్కన ఉంటామని అడిగే హక్కు మీకు ఉంది. ఆ ఏర్పాటు కుదరలేదని అత్యవసర పరీక్షను మాత్రం వాయిదా వేయకండి.

సర్జన్ గదిలోకి వెళ్లేముందు

ఒక కాగితం తీసుకోండి. ఒక వైపు ఈ మోకాలు చేయవలసిన పనులు రాయండి: వృత్తి, నేల మీద కూర్చోవడం, నమాజు, మెట్లు, మరుగుదొడ్డి తీరు, ఇంట్లో సాయం చేసేవారు. రెండవ వైపు ఈ ప్రశ్నలు రాయండి.

1. ధమని, నరం బాగున్నాయని ఏ పరీక్షతో నిర్ధారించారు?

2. ఏయే లిగమెంట్లు తెగాయి? మెనిస్కస్ దెబ్బతిందా? ఎముక ముక్క ఊడిందా?

3. వీటిలో బ్రేసుతో మానేవి ఏవి, మానని వాటికి ఎంత గడువు ఉంది?

4. ఇటువంటి పలు లిగమెంట్ల శస్త్రచికిత్సలు మీరు తరచుగా చేస్తారా, లేక వేరే చోటికి పంపడం మేలంటారా?

5. తంతువు ఎక్కడి నుంచి తీస్తారు? ఆ తరువాత నేను మోకాళ్లపై ఆనగలనా?

6. శస్త్రచికిత్స చేయించకపోతే ఏమవుతుంది? చేయించినా మిగిలే లోటు ఏమిటి?

7. వ్యాయామ చికిత్స ఎన్ని నెలలు, ఎక్కడ, వారానికి ఎన్నిసార్లు?

ఏడవ ప్రశ్నను చివరన ఉంచినా ఖర్చు లెక్కలో మాత్రం మొదటే వేయండి. ఆపరేషన్‌కు ఉన్నదంతా పెట్టి, ఫిజియోథెరపీకి ఆటో చార్జీలు లేక మానేసినవారి మోకాళ్లు బిగుసుకుపోతాయి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ శస్త్రచికిత్స వస్తుందో లేదో ఆసుపత్రిలో ముందే అడగండి. మధుమేహం ఉంటే అదుపులోకి తెచ్చుకోండి. సిగరెట్టు, గుట్కా మానండి. రెండూ గాయం మానడాన్ని అడ్డుకుంటాయి.

రక్తప్రసరణ బాగుందని తేలిన తరువాత రెండవ సర్జన్ అభిప్రాయం తీసుకోవడానికి కొన్ని రోజులు వెచ్చించడంలో తప్పు లేదు. మొదటి సర్జన్‌ను అవమానించినట్టూ కాదు. ఆ రోజుల్లో ఇంట్లో సంప్రదింపులు జరపండి. పెద్దల మాట వినండి. అయితే మంచం మీద ఉన్న మనిషిని కూడా అడగండి, ఎందుకంటే ఏడాది పాటు ఆ నొప్పిని భరించి వ్యాయామం చేయవలసినది ఆ మనిషే. సలహా చేసి, ఇస్తిఖారా చేసి, నిర్ణయం తీసుకున్న తరువాత మళ్లీ మళ్లీ వెనక్కు చూడకండి. స్వస్థత చేకూర్చేవాడు అల్లాహ్. గాయపడిన రాత్రి పాదాన్ని తాకి వెచ్చగా ఉందో లేదో చూడవలసిన బాధ్యత మాత్రం ఆ ఇంట్లో ఉన్న మనది.